ఆ బొమ్మని నిషేధించండి

మహారాజశ్రీ సాంకేతిక విద్యా నిర్వాహకుల వారికి, కాలేజీ యాజమాన్యాల వారికి, ప్లేస్‌మెంట్ సెల్లుల వారికి చెన్నై షోళింగనల్లూరు నుంచి కొందరు శ్రేయోభిలాషులు నమస్కరించి చేసుకునే విన్నపం ఏమనగా:

ఇంజనీరింగ్ మెకానిక్స్ అనే సబ్జెక్టులో, స్టాటిక్స్ అనే మొదటి సగంలో, పిల్లల చేత ఒక బొమ్మ గీయించే దురాచారం కొన్ని చోట్ల ఇంకా మిగిలి ఉందని మా దృష్టికి వచ్చింది. దాని పేరు ఫ్రీ బాడీ డయాగ్రమ్. పిల్లలు ఎఫ్‌బీడీ అంటారు. దీన్ని తక్షణం నిషేధించాలి. నిషేధాన్ని ఓఎంఆర్ అనే పాత మహాబలిపురం రోడ్డు మీద మొదలుపెట్టి నెల్లూరు, విజయవాడ, హైదరాబాదుల మీదుగా తెలుగు పిల్లలు చదివే ప్రతి క్లాసురూముకీ పాకించాలి.

తమకు తీరిక ఉండదు గనక ఆ బొమ్మ ఏమిటో క్లుప్తంగా మనవి చేస్తాం. ఒక దూలం ఉంది. ఒక చివర పిన్ మీద, రెండో చివర రోలర్ మీద ఆని ఉంది. నడిమధ్యన బరువు ఉంది. కుర్రాడు ఆ దూలాన్ని చుట్టూ ఉన్న లోకం నుంచి విడదీసి ఒంటరిగా గీస్తాడు. దాన్ని తాకుతున్న వాటన్నిటినీ చెరిపేసి వాటి బదులు బాణాలు పెడతాడు. బరువుకి కిందికి ఒక బాణం. రోలర్ పైకి మాత్రమే నెట్టగలదు కాబట్టి దానికి ఒకటి. పిన్ పైకీ పక్కకీ పట్టగలదు కాబట్టి దానికి రెండు. ఆ తర్వాత అడ్డం బలాల మొత్తం సున్నా, నిలువు బలాల మొత్తం సున్నా, ఏ బిందువు చుట్టూ చూసినా మూమెంట్ల మొత్తం సున్నా అని మూడు సమీకరణాలు రాస్తాడు. తెలియనివి మూడు, సమీకరణాలు మూడు. పని అయిపోయింది.

చూడటానికి అమాయకంగానే ఉంది. కానీ ఈ బొమ్మ గీయాలంటే కుర్రాడు కనపడిన ప్రతి వస్తువు దగ్గరా ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి: దీన్ని మోస్తున్నది ఎవరు? ఆ ప్రశ్న ఒకసారి నాలుక మీదికి వచ్చిందంటే దూలంతో ఆగదు. మా భయమంతా అదే. మా కారణాలు వరసగా విన్నవిస్తాం.

మొదటిది: ఇది పిల్లల పట్ల క్రూరత్వం. ఎంసెట్ పేరు ఎన్నిసార్లు మార్చినా అందులో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. భాగిస్తే ప్రశ్నకి 67 సెకన్ల మీద అర సెకను. తప్పు రాసినా మార్కు తెగదు. ఆ 67 సెకన్ల కోసం రెండేళ్లు పిల్లవాణ్ణి హాస్టల్లో పెట్టి, తెల్లవారకముందే లేపి, స్టడీ అవర్ మీద స్టడీ అవర్ వేసి, ప్రశ్న చివరిదాకా చదవకుండానే జవాబు పసిగట్టేలా సాన పట్టాం. కన్నవాళ్లు లక్షలు పోశారు. అలాంటి మేలుజాతి సరుకుని షోళింగనల్లూరు తెచ్చి, ‘ఒక నిచ్చెన గోడకి ఆనుకుని ఉంది, గోడ నునుపు, నేల గరుకు, మనిషి ఎంత ఎత్తు ఎక్కితే నిచ్చెన జారుతుంది?’ అని అడిగి తెల్లకాగితం ముందు కూర్చోబెట్టడం న్యాయమా? ‘సార్, ఆప్షన్లు ఏవి?’ అని వాడు దీనంగా అడుగుతాడు. ఆప్షన్లు లేని ప్రశ్న వాడికి ఎదురవడం అదే మొదలు.

పైగా ఆ లెక్కకి షార్ట్‌కట్ లేదు. ముందు నిచ్చెనని చూడాలి. గోడ నునుపంటే అక్కడ ఘర్షణ లేదు, కాబట్టి గోడ అడ్డంగా నెట్టడం తప్ప ఇంకేమీ చేయలేదు. ఆ నెట్టుడికి ఎదురు నిలిచేది నేల దగ్గరి ఘర్షణ ఒక్కటే. మనిషి పైకి ఎక్కేకొద్దీ గోడ నెట్టుడు పెరుగుతుంది, నేల ఘర్షణకి మాత్రం ఒక హద్దు ఉంది. ఇదంతా పెన్ను కదలకముందే తలలో నడవాలి. తలలో నడిచేదానికి కీ పేపర్ ఎవరు విడుదల చేస్తారు?

రెండోది: పరీక్షకి దీని అవసరం లేదు. అన్నా యూనివర్సిటీ తరహా ప్రశ్నపత్రంలో పార్ట్ ఎ అంటే పది ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు. లామీ సిద్ధాంతమును వ్రాయుము. కపుల్ అనగానేమి? వారిన్యాన్ సిద్ధాంతమును పేర్కొనుము. ఇవి బట్టీ పడితే ఇరవై మార్కులు నడిచి వస్తాయి. లామీ 17వ శతాబ్దపు ఫ్రెంచి మతగురువు. ఒక బిందువు దగ్గర మూడు బలాలు నిలకడగా ఉంటే ఒక్కో బలమూ మిగతా రెండింటి మధ్య కోణపు సైన్‌కి అనులోమంగా ఉంటుందని చెప్పాడు. మన పిల్లలు ఆయన వాక్యాన్ని కామాతో సహా అప్పజెబుతారు. రెండు తాళ్లతో వేలాడే దీపాన్ని చూపించి, ఏ తాడు మీద ఎక్కువ లాగుడు ఉందని మాత్రం వాళ్లని అడగకండి. వాళ్లు దీపం కోసం నోట్సులో వెతుకుతారు.

పార్ట్ బి సంగతి కాలేజీ గేటు ఎదుటి జిరాక్స్ షాపు చూసుకుంటుంది. అక్కడ ఇంపార్టెంట్ క్వశ్చన్స్ కట్టలు కట్టి ఉంటాయి. ఆరు మీటర్ల దూలం, పది కిలోన్యూటన్ల బరువు. మరుసటి సెమిస్టర్‌కి ఆరు ఎనిమిదవుతుంది, పది పన్నెండవుతుంది. దీన్నే సిలబస్ రివిజన్ అంటారు. ఎప్పుడైనా ఒక పేపర్ సెట్టర్‌కి దుర్బుద్ధి పుట్టి రోలర్‌ని చివర నుంచి ఒక మీటరు లోపలికి జరిపాడనుకోండి, హాలంతా ‘అవుట్ ఆఫ్ సిలబస్’ అని గగ్గోలు. ఒక్క మీటరు! దూలం అదే, బరువు అదే, సమీకరణాలు అవే. బొమ్మ గీసినవాడికి అది మరో లెక్క, గీయనివాడికి అది మరో గ్రహం.

లెక్చరర్ని అనకండి. పాపం, ఆయనకి పిల్లల పక్కన నిలబడి బాణం ఎటు వేస్తున్నారో చూసే వేళ ఎక్కడిది? అక్రెడిటేషన్ కమిటీ వస్తోంది. కోర్స్ అవుట్‌కమ్‌లని ప్రోగ్రామ్ అవుట్‌కమ్‌లకి మ్యాపింగ్ చేసి, గడి గడికీ ఒకటో రెండో మూడో వేసి, ఫైళ్లు కట్టి, ఫైళ్లకి లేబుళ్లు అంటించాలి. ‘విద్యార్థి సమతౌల్య సమీకరణాలను అన్వయించగలడు’ అన్న వాక్యం ఎదురుగా, అటైన్‌మెంట్ మూడుకి రెండున్నర అని పడుతుంది. ఆ సంగతి విద్యార్థికి ఎవరూ చెప్పరు. చెబితే ఎంత సంతోషించేవాడో.

మూడో కారణం స్టాటిక్స్‌లోనే ఉంది. ఒక వస్తువు మీద సమాంతరం కాని మూడు బలాలే పనిచేస్తూ అది నిలకడగా ఉందంటే ఆ మూడూ ఒకే బిందువు దగ్గర కలిసి తీరాలి. షోళింగనల్లూరులో చదివే మన పిల్లలకి పాఠం ఇంగ్లీషులో, సందేహం తెలుగులో, జవాబు తమిళంలో. ఈ మూడు ఏ బిందువు దగ్గరా కలవవు. రాత్రి హాస్టల్లో సీనియర్ని పట్టుకుని ‘అన్నా, మూమెంట్ అంటే ఏంటన్నా?’ అని అడుగుతాడు జూనియర్. ‘ఫోర్స్ ఇంటూ పర్‌పెండిక్యులర్ డిస్టెన్స్ రా, రాసేయ్, మార్కులు పడతాయి’ అంటాడు రెండు అరియర్లు, అంటే తప్పిన సబ్జెక్టులు, మోస్తున్న ఆ అన్న. ‘ఆ తలుపుని ఒకసారి బందుల దగ్గర నెట్టి చూడు, ఒకసారి గొళ్లెం దగ్గర నెట్టి చూడు’ అని చెప్పేవాడు ఆ గదిలో ఉంటే అర నిమిషంలో పని అయిపోయేది. అదృష్టవశాత్తూ లేడు.

పూర్వం సైమన్ స్టెవిన్ అని ఒకాయన ఇలాంటి అనర్థమే చేశాడు. పండితులంతా లాటిన్‌లో రాసుకుంటున్న కాలంలో, 1586లో, స్టాటిక్స్ పుస్తకాన్ని తన ఊరివాళ్లు మాట్లాడే డచ్ భాషలో రాశాడు. రెండు వైపులా వాలు ఉన్న త్రికోణపు దిమ్మ మీద గుళ్ల దండ వేసినట్టు బొమ్మ గీసి, ఆ దండ తనంతట తాను గిరగిరా తిరుగుతూ ఉండలేదు కదా అన్న ఒక్క ఆలోచనతో వాలుతలం మీది బలాల లెక్క తేల్చేశాడు. ఆ బొమ్మనే పుస్తకం ముఖపత్రం మీద వేయించుకున్నాడు. సముద్రాన్ని గట్లతో ఆపి బతికే దేశంలో అలాంటివి చెల్లుతాయి. మనం ఆ పొరపాటు చేయలేదు. మన భాషలో మూమెంట్‌ని ఎవరికైనా అర్థమయ్యేలా చెబితే, అర్థమైనవాడు ఇంకో ప్రశ్న వేస్తాడు.

నాలుగోది: ఉద్యోగానికి దీనితో పనిలేదు. ఈ సబ్జెక్టు ఎందుకు ఉందో తమకి తెలియనిది కాదు. స్టాండింగ్ అరియర్ ఉంటే కంపెనీ లోపలికి రానివ్వదు. కాబట్టి స్టాటిక్స్ దాటాల్సిన గడప, అంతే. దాటాక వెనక్కి చూడనక్కర్లేదు. సివిల్ కుర్రాడూ మెకానికల్ అమ్మాయీ నాలుగేళ్లు చదివి ఓఎంఆర్ దాటి అవతలి అద్దాల బిల్డింగులోకి వెళతారు. అక్కడి పరీక్షలో రైలు ప్లాట్‌ఫామ్‌ని ఎంతసేపట్లో దాటుతుందని అడుగుతారు గానీ, ఆ రైలు కింద వంతెన ఎందుకు విరగలేదని అడగరు. చేరాక ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్. బలాల మొత్తం సున్నా, మూమెంట్ల మొత్తం సున్నా, జీతం మాత్రం సున్నా కాదు. ఇంతటి పరిపూర్ణ సమతౌల్యాన్ని ఏ పాఠ్యపుస్తకమూ సాధించలేదు. కంప్యూటర్ సైన్సు పిల్లలకి చాలాచోట్ల ఈ సబ్జెక్టు పీడ ఎప్పుడో వదిలింది. శుభం. మిగిలిన బ్రాంచీలు చేసిన పాపం ఏమిటి?

అయిదోది అసలు కారణం. షోళింగనల్లూరులో ప్రమాదం కళ్లెదుటే ఉంది. చెన్నై మెట్రో రెండో దశ కింద కడుతున్న దాదాపు 119 కిలోమీటర్లలో, మాధవరం నుంచి బయలుదేరే రెండు కారిడార్లు ఇక్కడ కలుస్తాయి. అయిదోది ఇక్కడే ఆగుతుంది, మూడోది సిప్‌కాట్ దాకా సాగుతుంది. రోడ్డు నడుమ స్తంభాలు లేచాయి. స్తంభం నెత్తిన చేతులు చాచినట్టు పియర్ క్యాప్. ఒక చేతి మీద గర్డర్ పెట్టి రెండో చేతి మీద ఇంకా పెట్టలేదనుకోండి, బరువు స్తంభం నడుమ నుంచి పక్కకి జరిగినట్టే. ఆ బరువుని ఆ దూరంతో గుణిస్తే వచ్చే మూమెంట్‌ని స్తంభం పునాది దాకా ఒంటరిగా మోయాలి. రెండో గర్డర్ కూర్చోగానే ఆ మూమెంట్ సద్దుమణుగుతుంది. ఏ గర్డర్ ముందు, ఏది తర్వాత అన్న క్రమం వెనక ఉన్నది మొదటి సెమిస్టర్ లెక్కే. ఫీజు లేని ల్యాబు, రోడ్డు మీద కిలోమీటర్ల పొడవున. మన పిల్లలు దాని కింద బస్సు కోసం నిలబడి రీల్స్ చూసుకుంటున్నారు. ఇది ఎంతో ఊరట. ఒక్కడు తలెత్తి చూసి, ఎఫ్‌బీడీ గీశాడా, మన పని అయిపోయినట్టే.

ఎందుకంటే వాడు ఆ తర్వాత తననే విడదీసి గీసుకుంటాడు. వస్తువు: ఇంజనీరింగ్ విద్యార్థి, ఒకటి. కిందికి పనిచేసే బలాలు: ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఫీజు, అటెండెన్స్ తగ్గితే కండోనేషన్ ఫీజు, సీటు ఇప్పించిన కన్సల్టెన్సీ వారి కమీషన్. ఆ చివరిది ఏ రసీదులోనూ కనపడదు, అయినా బాణం వేయక తప్పదు. పక్కకి లాగేవి: బాబాయి చెప్పే అమెరికా, మామయ్య చెప్పే గ్రూప్-2, ఎదురింటి అబ్బాయి ప్యాకేజీ. మరి వీటన్నిటికీ ఎదురు నిలిచి పైకి నెడుతున్నది ఏది? కాలేజీ బిల్డింగు అనుకుంటాడు మొదట. లెక్క వేస్తే ఆ బిల్డింగుని తనే మోస్తున్నట్టు తేలుతుంది. బ్యాంకు లోను అనుకుంటాడు. అది మోసినట్టే మోసి, చదువు ముగిశాక వడ్డీతో సహా బాణం దిశ మార్చుకుంటుంది. ఒక్కో సంపర్కాన్నీ చెరిపి ఒక్కో బాణం వేసుకుంటూ పోతే, మొత్తం బరువు దిగుతున్నది ప్రకాశం జిల్లాలో రెండెకరాలున్న ఒక మనిషి మీద అని బయటపడుతుంది. అడ్డంగా జరగనివ్వని, కిందికి పోనివ్వని, తిరగనివ్వని, వచ్చిన మూమెంట్ అంతా తనలోనే దాచుకునే ఆధారాన్ని పుస్తకంలో ఫిక్స్‌డ్ సపోర్ట్ అంటారు. అతనికి ఆ సంగతి తెలియదు. అతను కొడుక్కి ఫోన్ చేసి ‘బాగా చదువుకుంటున్నావా నాన్నా?’ అని మాత్రం అడుగుతాడు.

ఈ బొమ్మ గీసిన కుర్రాడు వచ్చే సెమిస్టర్ ఫీజు కౌంటర్ దగ్గర నోరు మూసుకుని నిలబడతాడని తమరు హామీ ఇవ్వగలరా?

ఈ విన్నపానికి అడ్డుతగిలేవాళ్లు ఉంటారు. ‘ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉంది కదా, బొమ్మ ఎందుకు?’ అనేవాళ్లు మన పక్షమే, వాళ్లని సన్మానించండి. స్టాడ్ ప్రోలో పిన్ పెట్టాల్సిన చోట ఫిక్స్‌డ్ సపోర్ట్ పెట్టినా అది కోప్పడదు. రంగు రంగుల పటం ఇస్తుంది. తప్పుని నాలుగు దశాంశ స్థానాల దాకా కచ్చితంగా ఇస్తుంది. చిక్కల్లా కాన్సాస్ సిటీ పేరెత్తేవాళ్లతోనే.

1981 జులై 17న అమెరికాలో ఆ ఊరి హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడకదారులు రెండు తెగి, కింద డాన్సు చూస్తున్న జనం మీద పడ్డాయి. 114 మంది చనిపోయారు. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి దిగిన పొడవాటి కడ్డీలే నాలుగో అంతస్తు దారినీ రెండో అంతస్తు దారినీ మోయాలి. కట్టేటప్పుడు సులువు కోసం కడ్డీని రెండు ముక్కలు చేసి, రెండో అంతస్తు దారిని నాలుగో అంతస్తు దారి దూలానికే వేలాడదీశారు. ఒకే తాడుని ఇద్దరూ పట్టుకుని వేలాడటం వేరు, పైవాడు తాడు పట్టుకుంటే కిందివాడు పైవాడి కాళ్లు పట్టుకుని వేలాడటం వేరు. తాడుకి తేడా తెలియదు. పైవాడి చేతులకి తెలుస్తుంది. అక్కడ ఆ చేతులు నాలుగో అంతస్తు దూలం కింద బిగించిన నట్లు. వాటి మీద బరువు రెట్టింపయింది. మొదటి డిజైనే నిబంధనలు అడిగిన బలానికి చాలా తక్కువగా ఉంటే, ఈ మార్పు దాన్ని ఇంకా సగం చేసింది. ఆ దూలం చివరని విడిగా గీసి రెండు బాణాలు వేసి ఉంటే మొదటి ఏడాది పిల్లవాడికైనా కనపడేది. బాధ్యులైన ఇంజనీర్ల లైసెన్సులు తర్వాత రద్దయ్యాయి. లైసెన్సు ఉన్నవాళ్లు, డిగ్రీ ఉన్నవాళ్లు. వాళ్లకి అరియర్లు ఉండి ఉండవు.

మన దగ్గర ఇలాంటి బెడద లేదు. ఏది కుంగినా మనం బలం పేరు అడగం, పార్టీ పేరు అడుగుతాం. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగితే, రెండు రాష్ట్రాల తెలుగు టీవీల్లో ఎవరి హయాం, ఎవరి వాటా అన్న చర్చ నెలల తరబడి నడిచింది. ఏ పియర్ మీద ఏ బలం ఎటు పనిచేసిందో బోర్డు మీద బాణం గీసి చూపాలని ఎంతమంది యాంకర్లకి తోచింది? ఇన్ని లక్షల మంది ఇంజనీర్లని కన్న జాతి మనది. మనకి బాణాలు రావు, వేళ్లు చూపించడం వచ్చు.

ఇక మౌలివాక్కం. పోరూరు పక్కన, ఇదే చెన్నైలో, 2014 జూన్ 28 సాయంత్రం వానలో కడుతున్న పదకొండు అంతస్తుల బిల్డింగు కూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి పనికి వచ్చిన కూలీలు. పక్కనున్న రెండో టవర్‌ని 2016 నవంబరులో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చారు. అది కూలడం టీవీలో అందరూ చూశారు. ఆ కూలీలు స్టాటిక్స్ చదవలేదు. కింద స్తంభం మోస్తుందో లేదో లెక్క వేయడం వాళ్ల పని కాదు. చదివినవాళ్లు లెక్క వేసి ఉంటారన్న నమ్మకం మీద ఇసుకా సిమెంటూ నెత్తిన పెట్టుకుని పై అంతస్తుకి ఎక్కారు. ఆ నమ్మకం కూడా ఒక ఆధారమే. దాన్ని ఏ రకం సపోర్ట్‌గా గీయాలో ఏ నోట్సులోనూ లేదు.

షోళింగనల్లూరులో ఇప్పుడు లేస్తున్న ప్రతి అపార్టుమెంటులోనూ, ప్రతి అద్దాల మేడలోనూ, పళ్లికరణై చిత్తడి అంచుల మీద పోస్తున్న ప్రతి పునాదిలోనూ అలాంటి కూలీలే ఉన్నారు. వాళ్లు మోస్తున్నది ఇటుకలనే కాదు, పార్ట్ ఎలో తెచ్చుకున్న ఇరవై మార్కుల్ని కూడా. వాళ్ల పిల్లలు కొందరు అప్పుచేసి ఇదే ఓఎంఆర్ మీది కాలేజీల్లో చేరుతున్నారు. వాళ్లకి మనం ఇచ్చేది ఇంపార్టెంట్ క్వశ్చన్స్ కట్ట.

కాబట్టి మా కోరికలు నాలుగే. ఒకటి, క్లాసులో ఎవరైనా దూలాన్ని విడదీసి గీస్తే ఆ కాగితాన్ని జప్తు చేయాలి. రెండు, ‘దీన్ని ఎవరు మోస్తున్నారు?’ అని అడిగిన విద్యార్థిని తల్లిదండ్రులతో సహా ప్రిన్సిపాల్ గదికి పిలిపించాలి. మూడు, పిల్లల చేతే బాణం వేయించి, తప్పు వేస్తే ఎందుకు తప్పో మళ్లీ గీయించి, ఒక్క నిచ్చెన లెక్కకి గంట ఖర్చుపెట్టే లెక్చరర్లు ఒకరిద్దరు ప్రతి కాలేజీలోనూ దాక్కుని ఉంటారు, వాళ్లని గుర్తించి అక్రెడిటేషన్ ఫైళ్ల పనికి మార్చాలి. నాలుగు, పై మూడింటికీ కలిపి ఒక జీవో ఇప్పించాలి.

మొదటి మూడూ చాలాకాలంగా అమల్లోనే ఉన్నాయని మాకు తెలుసు. బాకీ ఉన్నది జీవో ఒక్కటే. అది కూడా వస్తే, రేపు ఏదైనా కూలినప్పుడు ఎవరి మీద కేసు పెట్టాలో కనీసం కాగితం మీదైనా ఉంటుంది.